కానరాని వాని కత్తి: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యములు

మూలము

కానరాని వాని కత్తి వేటునకును
కోటలెన్ని యున్నఁ గూలిపోవు
కంటి కొఱకుఁ బెట్టు ఖర్చు తప్పించిన
మంట గలియు నీదు మంది యెల్ల

అవతారిక. 1998లో బ్లిజార్డ్ సంస్థ వెలువరించిన స్టార్‌క్రాఫ్ట్ అను అంతరిక్ష యుద్ధక్రీడలో టెరన్, జెర్గ్, ప్రోటాస్ అని మూడు జాతులు కలవు. ఆ యేటనే వచ్చిన బ్రూడ్ వార్ అను అనుబంధముతో ప్రోటాస్ వారికి డార్క్ టెంప్లర్ అను యోధుడు అదనముగా లభించెను. అతని చేత చిక్కి సర్వము పోగొట్టుకొన్న టెరన్ ఆటగాడొకడు, మఱుసటి ఆటకు ముందు తనకు తానే బుద్ధి చెప్పుకొన్న పద్యమిది. కవి పేరు ఎచ్చటను కానరాదు. విషయమును బట్టి చూడగా అది ఉచితమే.

ప్రతిపదార్థము. కానరాని వాని = పుట్టినది మొదలు అదృశ్యుడై తిరుగు డార్క్ టెంప్లరు యొక్క; కత్తి వేటునకును = ఒక్క దెబ్బకును; కోటలెన్ని యున్నన్ = బంకర్లు, సీజ్ ట్యాంకులు ఎన్ని నిలిపినను; కూలిపోవున్ = నేలమట్టమగును; కంటి కొఱకున్ పెట్టు ఖర్చు = దొంగను పట్టి చూపు కట్టడములకు వెచ్చింపవలసిన ఖనిజమును, వాయువును; తప్పించినన్ = ‘తర్వాత చూచుకొందములే’ అనుకొన్నచో; నీదు మంది యెల్లన్ = నీ మెరీన్లు, గనిలో పని చేయు ఎస్‌సీవీలు అందఱును; మంట గలియున్ = దీనికి వేఱుగ అర్థము చెప్ప బనిలేదు. ఆడినవారు ఎఱుగుదురు.

వ్యాఖ్య. ‘కానరాని’ అనగా బొత్తిగా కానరాడని భ్రమింపరాదు. తెరపై దృష్టి నిలిపి చూచువానికి, వేడిగాలి వణకినట్లు ఒక సన్నని కదలిక తోచును. ఆటగాని కన్ను చూచును గాని, వాని సైనికుని తుపాకి చూడదు. డిటెక్టర్ అను జాతి ప్రాణియో కట్టడమో దగ్గఱ నుండి పట్టి చూపినగాని గుఱి కుదరదు. గుఱి యక్కఱలేక చోటునంతటిని కాల్చు సై స్టార్మ్ వంటివి మాత్రము చూపుతో పని లేకయే తగులును. శత్రువు వచ్చుట తెలిసియు చేతులు ముడుచుకొని చావవలసి వచ్చుట యందే ఈ ఆటలోని కరుణరసమంతయు నున్నది. అసలే తెలియకుండ చచ్చినచో అది ఉట్టి దురదృష్టమై పోయెడిది, పద్యము పుట్టకుండెడిది.

‘కత్తి వేటు’. దెబ్బ 40. మెరీన్ ప్రాణము 40. లెక్క తేలికయే. కవచమునకు ఒక మెట్టు పెంచుకొన్న మెరీనునకు దెబ్బ 39 తగిలి 1 మిగులును. ఆ మిగిలిన దానితో వాడు రెండవ వేటు పడు వఱకు బ్రదికి యుండును.

‘ఖర్చు’. పద్యమునకిది ప్రాణము. దాగువానికిని వెదకువానికిని సరితూకము చేయుట యనగా, మూడు జాతులకును ఒకే కన్ను ఒకే ధరకు అమ్ముట అని కొందఱు తలతురు. ఈ ఆటను కట్టినవారు అట్లు చేయలేదు. ఒక్కొక్క జాతి చేత ఒక్కొక్క తీరు నాణెమున వసూలు చేసినారు.

టెరనుకు కాంశాట్ స్టేషన్ కలదు. పటములో ఏ మూలనైనను వెలుగు వేసి చూపును. కాని ప్రతి వెలుగునకు 50 శక్తి ఖర్చగును, నిలువ 200 దాటదు, వెలుగు కొద్ది క్షణములకే ఆఱిపోవును. నేర్పరియైన ప్రోటాస్ ఆటగాడు డార్క్ టెంప్లరును ఒక అడుగు ముందుకు వేయించి, వెలుగు పడగానే వెనుకకు లాగి, ఈ నిలువను ఊరక కరగించును. మిసైల్ టరెట్ రాత్రింబవళ్లు చూచును గాని కదలదు. చిత్రమేమనగా, టెరన్ వారి రైత్ విమానము దాగుటకును ఇదే శక్తిని చెల్లించును: తెర కప్పుకొనుటకు 25, పిదప క్షణక్షణమునకు మఱికొంత. ఆ జాతికి చూచుటయు మీటరు మీదనే, దాగుటయు మీటరు మీదనే.

ప్రోటాస్ వారి అబ్జర్వర్ ధర 25 ఖనిజము, 75 వాయువు. తాను దాగియుండి ఇతరుల దాపఱికమును బయటపెట్టు మహానుభావుడు. అయితే రోబోటిక్స్ ఫెసిలిటీ కట్టి, ఆపై అబ్జర్వేటరీ కట్టినగాని పుట్టడు. ఇచ్చట చెల్లించునది కాలము.

పూర్వపక్షము: జెర్గ్ వారికి ఆట మొదలగునప్పుడే ఒక ఓవర్లార్డ్ చేతిలో నుండును. అది ఎగురును, అది డిటెక్టర్ కూడ. కన్ను ఉచితముగ వచ్చినది గదా, ఇది పక్షపాతము కాదా?

సిద్ధాంతము: కాదు. ఒక్కొక్క ఓవర్లార్డ్ ఎనిమిది పాళ్ల సైన్యమునకు ఆధారము. అవి చాలనిచో క్రొత్త సైనికునికి గ్రుడ్డే ఏర్పడదు. పైగా ఆయుధము లేదు, వేగము పెంచుకొను వఱకు నత్తనడక. వంటవానినే కావలివానిగ పెట్టుకొన్న ఇంట వానికి దెబ్బ తగిలినచో ఏమగునో ఇచ్చటను అదే యగును. ప్రోటాస్ ఆటగాడు కోర్సెయిర్ విమానములను ముందు పంపి ఓవర్లార్డ్లను కూల్చును. చూపును కూడును ఒక్కసారే పోవును. ఆ వెనుక డార్క్ టెంప్లర్ తీరికగా నడచివచ్చును. కనుక జెర్గ్ వారు చెల్లించునది ప్రాణభయము. ఉచితమైన కన్నును మిక్కిలి ఖరీదైన చోట అమర్చిన ఈ నేర్పునకు టీకాకారుడు దాసోహము.

ప్రోటాస్ వారి అర్బిటర్ అను నౌకను గూర్చి ఒక మాట. చుట్టునున్న సైన్యమునంతటిని కప్పును, తన్ను తాను కప్పుకొనజాలదు, తోటి అర్బిటరును కూడ కప్పజాలదు. ఎవనిని ముందు కొట్టవలెనో శత్రువునకు దానితో తెలిసిపోవును.

ఉత్తరగ్రంథ విచారము. 2010లో వచ్చిన రెండవ ఆటలో ఓవర్లార్డ్ చూపు పోయినది. లెయిర్ అను కట్టడము కట్టిన పిదప 50 ఖనిజము, 50 వాయువు పెట్టి ఒకదానిని ఓవర్సీయరుగా మార్చుకొనవలెను. అది తర్కమునకు నిలుచును గాని, కూటికిని కంటికిని గల పాత ముడి వీడిపోయినది. టీకాకారునకు మొదటి పాఠమే సమ్మతము. టెరన్ వారి విషయమున మాత్రము రెండవదే మెఱుగు. ఆర్బిటల్ కమాండ్ నందు ఆ 50 శక్తితో వెలుగైనను వేయవచ్చును, గని త్రవ్వు మ్యూల్ యంత్రమునైనను దింపవచ్చును. వెలుగు వేసిన ప్రతిసారి కొంత ఖనిజము కళ్లయెదుట పోవుచుండును. మన కవి ‘ఖర్చు’ అని ఏడ్చినది ఇక్కడ అక్షరాల కనబడును.

పాఠాంతరము. ‘కోటలెన్ని’ అను చోట ‘మూటలెన్ని’ అని కొందఱు చదువుచున్నారు. ఖనిజము మూటలు మూటలుగా పోగేసికొని 75 పెట్టి ఒక్క టరెట్ కట్టనివారికి ఇది బాగుగ తగులును. కాని ‘మూ’కును ‘గూ’కును యతి చెల్లదు గనుక త్యాజ్యము.