అర్జీ మావ

ఆ చేతిసంచి ఏ పెళ్లికి బట్టలు కొన్నప్పుడు కాశీబుగ్గ షాపువాళ్లు ఇచ్చారో ఎవరికీ గుర్తు లేదు. దాని మీది పట్టుచీర అమ్మాయి ఒళ్లంతా చెరిగిపోయి కళ్లు రెండే మిగిలాయి. లోపల తెల్ల కాగితాలు, కార్బన్ పేపరు, స్టాంపు పడిన పాత రసీదులు, అట్ట ఊడిన 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం, ఆ చట్టం పేజీల మధ్య నలిగిన జీడిపప్పు బద్దలు. పొద్దున్నే ఊరి సచివాలయం మెట్ల మీద ఆ సంచి కనబడిందంటే మావ వచ్చేశాడన్నమాట. తాళం తీసేవాళ్లు తర్వాత వస్తారు.

ఊరంతా ఆయన్ని అర్జీ మావ అంటుంది. అసలు పేరు రేషన్ కార్డులో ఉంది. అక్కడ తప్పుగా ఉంది. దాని మీద ఒక అర్జీ నడుస్తోంది.

మీ ఊళ్లోనూ ఒకడుంటాడు, నాకు తెలుసు. పలాస నుంచి అక్కుపల్లి తీరం దాకా, అటు మందస, కవిటి, ఇటు టెక్కలి, ఎక్కడ బస్సు దిగినా ఈ మనిషి తగులుతాడు. ఒక చోట సెక్షన్ల మాస్టారంటారు, ఇంకో చోట పిటిషన్ తాత అంటారు. వయసు అరవైకి అటూఇటూ. పిల్లలు విశాఖలోనో హైదరాబాదులోనో. కాస్త జీడితోట. ఏడాదికి రెండు నెలలు తోట పని, మిగతా పది నెలలూ ప్రజాస్వామ్యం.

మావ అర్జీకి ఒక పద్ధతుంది. ‘ఆర్యా’ అని మొదలై, ‘తమరికి తెలియనిది కాదు’ అంటూ అవతలివాళ్లకి బొత్తిగా తెలియనిదంతా చెబుతుంది. బోరింగు హ్యాండిల్ విరిగిన సంగతి మూడో పేరాకి గానీ బయటపడదు. ఇచ్చి ఊరుకోడు, రెండో కాపీ మీద స్టాంపు వేయించుకుంటాడు. బోరింగు బాగుపడకపోయినా ఓర్చుకుంటాడు గానీ, స్టాంపులో తేదీ మసకబారితే ఆ పూట అన్నం ముట్టడు.

“నీల్లు రేపైనా వస్తాయి అల్లుడూ. ఇయాల్టి తేదీ రేపొస్తాదేటి?”

2022లో టెక్కలి నుంచి విడదీసి పలాసని రెవెన్యూ డివిజన్ చేసినప్పుడు ఊళ్లో అందరూ సంతోషించారు, పని పడితే ఆర్డీవో ఆఫీసు దగ్గరైందని. మావ ఒక్కడే అరుగు మీద దిగాలుగా కూర్చున్నాడు. అదేమిటి మావా అంటే, “టెక్కలికి ఇచ్చినవన్నీ మల్లీ ‘ఆర్యా’ కాడి నుంచి రాయాల కదరా” అన్నాడు.

ఒకసారి పోటీ కూడా చేశాడు. 2021 ఫిబ్రవరి పంచాయతీ ఎన్నికల్లో వార్డు మెంబరుగా నిలబడ్డాడు. ఇంట్లో, అన్నదమ్ముల ఇళ్లల్లో కలిపి పన్నెండు ఓట్లు. వచ్చినవి పదకొండు. ఆ పన్నెండోది ఎటు పోయిందో మావ ఎంత ఆరా తీసినా తేలలేదు. అత్త మాత్రం ఆ రోజు నుంచి చేపల కూరలో ముళ్లు తీసి మరీ వడ్డించడం మొదలుపెట్టింది.

సరిగ్గా అదే నెలలో ఇంగ్లండులో హ్యాండ్‌ఫోర్త్ అనే ఊరి పారిష్ కౌన్సిల్ వీడియో ప్రపంచమంతా చుట్టొచ్చింది. పారిష్ కౌన్సిలంటే మన పంచాయతీలాంటిదే. కరోనా రోజులు కనుక సమావేశం జూమ్‌లో పెట్టుకున్నారు. నడిపించడానికి వచ్చిన ఆవిడ, గొడవ చేస్తున్నారని ఏకంగా చైర్మన్‌నే సమావేశంలోంచి తీసేసింది. మిగిలినవాళ్లలో ఒకాయన రూల్స్ చదువుకోమని ఆవిడ మీద కేకలు. ఓడిపోయిన బాధ మరిచిపోతాడని నా ఫోన్లో చూపించాను. మావకి ఇంగ్లీషు ముక్క రాదు. అయినా రెండు నిమిషాల్లో ఎవరు ఎవరి వర్గమో చెప్పేశాడు. చివరికి కళ్లజోడు తీసి అడిగాడు: “చైర్మన్ని తీసీడానికి ఆవిడికి ఏ సెక్షన్ కింద పవరొచ్చినాదిరా?” ఇంగ్లండులోనూ ఆ గొడవ చివరికి ఆ ప్రశ్న దగ్గరికే చేరింది. మా మావ ఇక్కడ పుట్టి వృథా అయ్యాడని నాకు అప్పుడే అనిపించింది.

గ్రామసభకి ఏటా నాలుగు తేదీలు. జనవరి 2, ఏప్రిల్ 14, జులై 1, అక్టోబరు 3. ఊళ్లో పుట్టినరోజులు తెలియకపోయినా ఇవి మావకి తెలుసు. మామూలుగా సభ అంటే ప్రెసిడెంటుగారు, సెక్రటరీ, నలుగురు మెంబర్లు, ఎండకి పందిరి కింద చేరిన రెండు మేకలు, మావ. మినిట్స్ బుక్కులో మిగతా సంతకాలు తర్వాత ఇంటింటికీ తిరిగి పూర్తవుతాయి. అయితే 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు సభలు పెట్టారు. మా ఊళ్లో కుర్చీలు చాలలేదు. మావ సంతోషిస్తాడనుకున్నాం. ఇంటికొచ్చి సంచి గోడకి విసిరాడు. ఇన్నేళ్లుగా చేతికి ఉత్తినే అందే మైకు ఆ రోజు మధ్యాహ్నం దాకా దొరకలేదట!

నవ్వుతాం గానీ, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా తీరం మీద పడ్డప్పుడు ఊరికి దిక్కు ఆ సంచే అయింది. తెల్లారి చూస్తే తోటలు పడుకుని ఉన్నాయి. చేతికొచ్చిన కొబ్బరి చెట్లని కొడుకుల్లా చూసుకున్న మగవాళ్లు నడివీధిలో కూలబడి ఏడ్చారు. కరెంటు లేదు. పరిహారం అర్జీల కోసం మావ లాంతరు వెలుగులో రాత్రుళ్లు కూర్చుని ఇంటింటి చెట్ల లెక్కా రాశాడు. ఒక చెట్టు దగ్గర మాత్రం ఆగిపోయాడు. వేరు ఒకడి పెరట్లో ఉంది, తల పక్కవాడి పెరట్లో పడింది. ఇద్దరూ నాదంటే నాదన్నారు. “చెట్టు వేరున్నోడిది, కాయలు తలున్నోడివి” అని తీర్పు చెప్పి ఇద్దరి చేతా సంతకం పెట్టించాడు. ఆ వేరున్న పెరడు మావదే.

ఇక ఇటీవలి సంగతి. హిరమండలం నుంచి వంశధార నీళ్లు 2023 డిసెంబరులో పైపుల మీద మా ఉద్దానం ప్రాంతానికి వచ్చాయి. కిడ్నీ జబ్బు ఇల్లిల్లూ తొక్కిన నేల ఇది, నీళ్ల మాటొస్తే ఇక్కడెవరూ నవ్వరు. నీళ్ల అర్జీలో మాత్రం మావ ‘తమరికి తెలియనిది కాదు’ రాయడు, తిన్నగా విషయానికొస్తాడు. మా వీధిలో కుళాయిలు వరసగా వేసుకుంటూ వచ్చి ఆయన గుమ్మానికి రెండిళ్ల ముందు ఆపేశారు. కాలువ ఆక్రమణ వల్ల పైపు ముందుకి పోదన్నారు. మావకి పండగ. సమాచార హక్కు కింద అడగడానికి మన రాష్ట్రంలో గ్రామస్థాయిలో ఫీజు లేదు. మండలానికి 5 రూపాయలు, ఆపైన 10, ఊళ్లో ఉత్తినే. ‘మా వీధి కాలువను ఆక్రమించిన దుర్మార్గుల పేర్లు కొలతలతో సహా తెలుపగలరు’ అని రాసి ఇచ్చాడు.

ముప్పై రోజుల గడువులో ఇరవై తొమ్మిదో రోజున జవాబొచ్చింది. ఆక్రమణ ఒక్కటే. అరుగు. పొడవు తొమ్మిదడుగులు, వెడల్పు మూడు. మావ ఆ కాగితాన్ని ఆ అరుగు మీదే కూర్చుని రెండుసార్లు చదివాడు. వాళ్ల తాత కట్టించిన అరుగది, లాంతరు పెట్టుకుని చెట్ల లెక్క రాసిన అరుగు. నేను ఏం మాట్లాడాలో తెలియక గోడకేసి చూస్తున్నాను. ఇంతలో మావ మొహం విప్పారింది. ఆక్రమణదారుడి పేరు రేషన్ కార్డులో చూసి రాశారు.

“ఈ పేరున్నోడు మన ఈదిలో ఎవుడూ లేడురా అల్లుడూ” అనేసి, అప్పుడే కార్బన్ పేపరు తీశాడు.

అప్పీలు నడుస్తోంది. అత్త రెండిళ్ల అవతలి కుళాయి నుంచి బిందెతో నీళ్లు మోస్తోంది. చేపల కూరలో ముళ్లు తీయడం మానేసింది.