స్తంభం ఎవరి స్కోపు బావూ?

ముక్కనుమ నాడు పొద్దున్నే మా ఇంట్లో ఇంటర్నెట్ పెట్టె మీద ఎర్రదీపం కన్ను కొట్టడం మొదలెట్టింది. దాని కింద ఎల్‌ఓఎస్ అని మూడక్షరాలుంటాయి. సిగ్నల్ రావడం లేదని దానర్థం. మా ఆవిడ లెక్కలో అయితే సీరియల్ రాదని. కారణం వెతకడానికి దూరం పోనక్కర్లేకపోయింది. గడ్డి లోడుతో వెళ్ళిన ట్రాక్టరు మా వీధి మలుపులో గడ్డితో పాటు వైరును కూడా ఈడ్చుకుపోయింది. స్తంభానికి అటో ముక్క, ఇటో ముక్క వేలాడుతున్నాయి. ఒక ముక్కకి సాక్ష్యంగా నాలుగు గడ్డిపరకలు కూడా ఉన్నాయి.

తెగింది ఏ కంపెనీ వైరో చెప్పను. చెప్పకపోవడానికి మర్యాద ఒక కారణం. ఆ స్తంభం మీద అయిదు వైర్లుండడం రెండో కారణం.

ముందు కేబుల్ అబ్బాయికి ఫోన్ చేశాను. "ఇంటిలోపల వైరయితే ఇప్పుడే వొచ్చీసి సూసీస్తాను బావూ. స్తంభం మీద వైరు నాది కాదు" అన్నాడు. కంపెనీ నంబరులో ఒకమ్మాయి చాలా తియ్యగా టికెట్ నంబరిచ్చి, మెయింటెనెన్స్ ఏజెన్సీకి పంపానంది. ఏజెన్సీ సూపర్‌వైజరు తన ఒప్పందం మండల కేంద్రం దాకానే అన్నాడు. "మా గరివిడి మండల కేంద్రమే కదయ్యా" అన్నాను. "మండల కేంద్రమంటే ఊరు కాదు సార్, ఆఫీసులో ఉన్న ర్యాకు. ర్యాకు బ్రహ్మాండంగా ఉంది" అన్నాడు. ర్యాకు కులాసాకి సంతోషించి సబ్‌ కాంట్రాక్టరుని పట్టుకున్నాను. కరెంటోళ్ళ పర్మిషన్ లేకుండా స్తంభం ఎక్కితే తనమీద కేసు పెడతారన్నాడు. కరెంటాయన్ని అడిగితే, స్తంభం తమదేననీ దాని మీద వేలాడేవి తమవి కావనీ తేల్చేశాడు. చివరికి ట్రాక్టరు ఆసామి మిగిలాడు. "గడ్డి పైకి ఎల్లలేదు బావూ, వైరే కిందకి దిగిపోనాది" అన్నాడు. ఇంతమందిలో సాంకేతిక పరిజ్ఞానంతో మాట్లాడింది ఆయనొక్కడే.

ఈ వరసలో ఒక్కడూ అబద్ధమాడలేదు. నాకు కోపం వచ్చింది అక్కడే. అబద్ధమైతే నిలదీయొచ్చు. వీళ్ళందరూ సంతకాలు పెట్టిన కాగితాల్లోంచి అక్షరం తప్పకుండా చదువుతున్నారు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం లేవు.

పెద్ద ప్రాజెక్టుల ఒప్పందాల వెనక బాధ్యతల పట్టిక ఒకటి కుడతారు. పనులు నిలువుగా, పేర్లు అడ్డంగా. గళ్ళలో ఆర్, ఎ, సి, ఐ అని నాలుగక్షరాలు. పని చేసేవాడు, జవాబు చెప్పేవాడు, సలహా అడగాల్సినవాడు, కబురు చెప్తే చాలునన్నవాడు. ఈ పట్టికతో గందరగోళం పోతుందని కన్సల్టెంట్లు బోర్డు మీద రంగు పెన్నులతో నిరూపిస్తారు. నిజంగానే పోతుంది. పట్టిక లేనప్పుడు నలుగురూ భయపడి నలుగురూ పరిగెత్తేవారు. పట్టిక వచ్చాక నలుగురూ తమ గడిలో ఉన్న అక్షరం చూసుకుని కూర్చుంటారు. ఒప్పందంలో పని పంచుకుంటారని మనం అనుకుంటాం. పంచుకునేది నిశ్చింత. సేవ ఎంతసేపు నిలబడిందో కొలిచేది కూడా ర్యాకు దగ్గరే కాబట్టి, మా వీధి చీకట్లో ఉన్న ఆ నాలుగు రోజులూ లెక్కల్లో సేవ నూటికి నూరుపాళ్ళూ అందింది.

ఈ నిశ్చింత గరివిడిలో పుట్టింది కాదు. 2011 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం సుమారు రెండున్నర లక్షల పంచాయతీలకు ఫైబర్ వేస్తామంది. అంచనా 20,000 కోట్లు, గడువు రెండేళ్ళు. 2012 ఫిబ్రవరిలో అందుకోసమే బీబీఎన్‌ఎల్ అని కంపెనీ పెట్టారు. ఆ కంపెనీ తవ్వదు. తవ్వించే పని బీఎస్‌ఎన్‌ఎల్, రైల్‌టెల్, పవర్‌గ్రిడ్‌లది. వాళ్ళూ పార పట్టరు, కాంట్రాక్టర్లకిస్తారు. డబ్బు ఇంకెక్కడో ఉన్న నిధిలోంచి రావాలి. గడువు దాటింది గానీ పని ముందుకు సాగలేదు. 2015లో పథకానికి భారత్‌నెట్ అని కొత్త పేరు పెట్టారు. పిల్లాడికి నడక రాకపోతే పేరు మార్చి చూడమనే జ్యోతిష్కులు మనకి కొత్తకాదు. మొదటి లక్ష పంచాయతీల లెక్క తేలేసరికి 2017 డిసెంబరు అయింది. 2022లో బీబీఎన్‌ఎల్‌నే బీఎస్‌ఎన్‌ఎల్‌లో కలిపేయాలని నిర్ణయించారు. 2023 ఆగస్టులో 1,39,579 కోట్లతో సవరించిన పథకం వచ్చింది. అందులో కొత్త షరతు ఏమిటంటే, వైరు వేసినవాడే పదేళ్ళపాటు దాన్ని చూసుకోవాలి. పన్నెండేళ్ళ అనుభవంతో ఢిల్లీ ఈ సంగతి కనిపెట్టింది. మా పక్క ఊళ్ళో తాటాకు పాక వేయించుకున్న ముసలమ్మ, "వాన కురిస్తే నువ్వే వొచ్చి కప్పాల" అని మొదటి రోజే మాట తీసుకుంది. ఆవిణ్ణి ఏ కమిటీలోనూ వేసుకోలేదు.

మన రాష్ట్రం సంగతికొస్తే, ఫైబర్‌ని కరెంటు స్తంభాల మీద వేలాడదీయాలన్న ఆలోచన తెలివైనదే, ఒప్పుకుంటాను. తవ్వి పూడిస్తే 5,000 కోట్ల దాకా అవుతుందన్న పనిని మూడు వందల పైచిలుకు కోట్లతో కానిచ్చామన్నారు. పొడవు 24,000 కిలోమీటర్లు. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. నెలకి 149 రూపాయలకే నెట్టు, టీవీ, ఫోను అన్నారు. సరిగ్గా పదినెలలైనా నిండకుండా, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తిత్లీ తుపాను తీరం దాటింది. శ్రీకాకుళం జిల్లాలో వేల స్తంభాలు నేల కరిచాయి. స్తంభాన్ని నమ్ముకున్న వైరు స్తంభం వెంటే పోయింది. అంతకు నాలుగేళ్ళ ముందు, అదే అక్టోబరులో, హుద్‌హుద్ మనకి ఇదే పాఠం చెప్పి వెళ్ళింది.

ఇలాంటి సందర్భాల కోసమే ప్రతి ఒప్పందంలోనూ ఫోర్స్ మజూర్ అని ఒక క్లాజు ఉంటుంది. తెలుగులో దైవాధీనం. తుపాను, వరద, భూకంపం వస్తే ఎవరూ పూచీ కాదని దాని సారం. ఒప్పందం మీద సంతకం పెట్టని పార్టీ దేవుడొక్కడే, పూర్తి బాధ్యత ఉన్న పార్టీ కూడా ఆయనొక్కడే. పెనాల్టీ వేద్దామంటే చిరునామా లేదు. ఉత్తరాంధ్రలో అక్టోబరు నెలలో గాలివాన రావడం ఊహకందని ఉత్పాతమట. సంక్రాంతికి ముగ్గులు కనిపించినా వీళ్ళు అలాగే ఉలిక్కిపడతారేమో.

పై అంతస్తులో ఈ బాధ్యతల పట్టిక ఎలా నడుస్తుందో, ఆ స్తంభాల మీది ఫైబర్‌ని నడిపే రాష్ట్ర ఫైబర్‌నెట్ సంస్థలో చూశాం. 410 మంది ఉద్యోగుల్ని తొలగిస్తున్నామని 2024 డిసెంబరులో చైర్మన్ జి.వి.రెడ్డి ప్రకటించారు. తన ఆదేశాలు అధికారులు అమలు చేయడం లేదని 2025 ఫిబ్రవరిలో ఆయనే విలేకరుల ముందుకొచ్చారు. ఆ నెల తిరక్కుండానే చైర్మన్ రాజీనామా, ఎండీ బదిలీ రెండూ అయిపోయాయి. ఎవరిది తప్పో తేల్చడానికి నేనెవర్ని? ఆదేశించడం ఒక గడి, అమలుచేయడం ఇంకో గడి, మధ్యలో గీత ఎంత లావుగా ఉందో చూడమంటున్నాను, అంతే.

తవ్వేవాళ్ళు వైర్లు తెంపకుండా 2023 మార్చిలో కేంద్రం 'కాల్ బిఫోర్ యు డిగ్' అనే యాప్ కూడా తెచ్చింది. మంచిదే. గడ్డి మోసేవాళ్ళకి ఇంకా రాలేదు.

రెండో రోజు నా ఫోనుకి మెసేజ్ వచ్చింది: మీ ఫిర్యాదు పరిష్కరించబడింది. ఎర్రదీపం దాన్ని చదవలేదు. నాలుగో రోజు కేబుల్ అబ్బాయి తన మేనల్లుణ్ణి తీసుకొచ్చాడు. ఇంటికి వంద చొప్పున వీధిలో పద్నాలుగు ఇళ్ళవాళ్ళం వేసుకున్నాం. ఇది ఏ పట్టికలోనూ లేని గడి. కుర్రాడికి ఇరవై ఉంటాయేమో. కాళ్ళకి హవాయి చెప్పులు, భుజాన వెదురు నిచ్చెన. అతికే మిషను ఇజీనగరం నుంచి అద్దెకి తెచ్చాడట.

రోడ్డు పక్క స్టూలు వేసి, గాలికి దుమ్ము పడకుండా మావయ్య చేత గొడుగు పట్టించుకుని కూర్చున్నాడు. నల్లతొడుగు ఒలిస్తే లోపల పన్నెండు పోగులు. నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ... నీలానికి నీలం, నారింజకి నారింజ. పోగు పైపూత గీకి, స్పిరిట్ దూదితో తుడిచి, కొస కత్తిరించి మిషన్లో పెట్టాడు. వెలుగు నడిచే గాజు తొమ్మిది మైక్రాన్లు, ఇంచుమించు వెంట్రుకలో పదోవంతు. చిటుక్కున నిప్పురవ్వ మెరిసింది, రెండు కొసలూ ఒకటయ్యాయి. తెరమీద అంకె చూసి తలూపి రెండో పోగు అందుకున్నాడు. పన్నెండూ అయ్యేసరికి దీపాలు పెట్టే వేళయింది. మా పెట్టె మీద పచ్చదీపం వెలిగిందని లోపల్నుంచి ఆవిడ కేకేసింది.

అప్పుడు కుర్రాడు నిచ్చెనెక్కి, మళ్ళీ ట్రాక్టరుకి తగలకుండా వైరుని ఎత్తుగా లాగి, స్తంభానికి బిగించి కట్టాడు. కింద నుంచి చూస్తే ఆ కట్టు ఎర్రంచు నేత గుడ్డలా కనిపించింది.

"కట్టు గట్టిదేనా? ఆ గుడ్డ కంపెనీ ఇచ్చిందా బాబూ?" అన్నాను.

"కంపెనీ ఏటి బావూ," అన్నాడు దిగుతూ, "మాయమ్మ పాత కోక."