లాగ్‌లైనునకు టీకాతాత్పర్యము

మూలము

"ఒక యువకుడు. ఒక రాత్రి. ఒక ఫోన్ కాల్. ఆ తరువాత అతని జీవితం మునుపటిలా ఉండదు."

అవతారిక

షార్ట్ ఫిలిం తీయగోరువారు ప్రొడ్యూసరు నెదుట పఠించు పిచ్‌ల కెల్ల శిరోభూషణమైన ఈ లాగ్‌లైనునకు పాఠాంతరములు పెక్కు గలవు. కొన్ని ప్రతులయందు యువకునికి మారుగా యువతియు, ఫోన్ కాలునకు మారుగా పార్సెలును గాననగును. రాత్రి మాత్రము సర్వప్రతిసమ్మతము. శాస్త్రారంభమున విషయము, ప్రయోజనము, సంబంధము, అధికారి అను అనుబంధచతుష్టయమును నిరూపించుట పూర్వుల మర్యాద గావున మేమును వెదకితిమి. ప్రయోజనము పెట్టుబడి, అధికారి దానిని పెట్టగలవాడు, సంబంధము ఎవరి బావమరది ద్వారానో కుదిరినది, విషయము మాత్రము కానరాలేదు. నిర్మూలమును వ్రాయననియు, అనపేక్షితమును పలుకననియు వ్రతము పూనిన వ్యాఖ్యాత మల్లినాథసూరి కిట్టి మూలమే తటస్థించియున్నచో ఆ వ్రతమునకు మౌనముతోనే ఉద్యాపన జరిగియుండెడిది.

ప్రతిపదార్థము

'యువకుడు', 'రాత్రి' సుగమములు, విడిచితిమి.

'ఫోన్ కాల్' అనుచోట నిలువవలెను. ధనంజయుడు దశరూపకమున లక్షణము చెప్పిన పది రూపకములలో భాణ మను ఏకాంకిక యొకటి కలదు. అందు రంగమున విటు డొక్కడే యుండును. అతడు వీథిని బోవుచు, ప్రేక్షకులకు కనబడనివారితో సంభాషించుచు, "ఏమంటివి?" అని తానే యడిగి, వారి మాటను తానే తిరుగ జెప్పి, దానికి బదులును తానే పలుకును. ఆకాశభాషిత మని దీనికి పేరు. శూద్రక, వరరుచి, ఈశ్వరదత్త, శ్యామిలకుల పేరిట నున్న నాలుగు ప్రాచీన భాణములను 1922లో 'చతుర్భాణి' యను పేర ప్రకటించిన యిద్దరు పండితులలో మన మానవల్లి రామకృష్ణకవి గారొకరు. అందు 'పద్మప్రాభృతకము'లో, వేశ్యావాటికకు బోవు దారిలో దొంగచాటుగా నడచు భిక్షువును, కర్కశశబ్దములతో చెవులు చిల్లులు వొడుచు వైయాకరణుడును (ఈ పాత్రయందు మాకు కొంత పక్షపాతము కలదు) ఎదురగుదురు. వారెవ్వరును రంగమునకు రారు. ఐనను ఒక్క నటుని కంఠముననే నగరమంతయు మన కట్టెదుట నిలుచును.

మన షార్ట్ ఫిలిం నాయకుడును ఒంటిగదిలో నొంటిగా నిలిచి, ఫోను చెవి కానించి, "ఏమిటీ? యాక్సిడెంటా? ఏ హాస్పిటల్?" అని అవతలివాని మాట నంతయు మనకొరకై వల్లించుచున్నాడు. రెండవ నటునికి భోజనమైనను పెట్టలేని బడ్జెటునకు శాస్త్రానుమతమైన ఈ యుక్తి దొరకుట భాగ్యమే. కాని విటునికి వీథి కలదు. వీనికి గోడ మాత్రమే కలదు.

ప్రకృతము లాగ్‌లైను గదా. 'జీవితం మునుపటిలా ఉండదు': ఎట్లుండదు? కరెంటు బిల్లు హెచ్చినను ఉండదు, వివాహమైనను ఉండదు. అడిగినచో "అది తెర మీదనే చూడాలి సార్" అని యుత్తరము. ప్రేక్షకునికి దాచదగినదానిని డబ్బు పెట్టువానికి దాచరాదు. దాచినవానికి అసలు ముగింపే తట్టలేదని మా యనుమానము.

పూర్వపక్షము

"ఇంత చిన్న చిత్రమున కంత కథ యెక్కడిది?" అందురేని, నార్మన్ మెక్‌లారెన్ 1952లో తీసిన 'నైబర్స్' నిడివి ఎనిమిది నిమిషములు. ఇరుగుపొరుగు లిద్దరి నడుమ ఒక పూవు మొలచినది. నాదనగా నాదని ఇద్దరును కొట్టుకొని చచ్చిరి. పిచ్ ముగిసినది. సత్యజిత్ రాయ్ 1964లో తీసిన 'టూ' చిత్రమున మాట యొక్కటియు లేదు. క్రింద గుడిసె పిల్లవాడు పిల్లనగ్రోవి నూదగా మేడ పిల్లవాడు బొమ్మబాకాతో దానిని అణచును. వాడు డోలు దెచ్చిన, వీడు కీలుబొమ్మచేత డోలు వాయించును. వాడు గాలిపట మెగురవేసిన, వీడు ఎయిర్‌గన్నుతో దానిని కూల్చును. అంతయు నణచితినని మేడవాడు తన బొమ్మల నడుమ కూర్చుండగా ఆ పిల్లనగ్రోవి మరల వినబడును.

దీనిని విశ్లేషింపుమనగా మన ఫిలిం స్కూలు విద్యార్థి "నలుపుతెలుపులు వర్గవైషమ్యమునకు ప్రతీక" యని వ్రాయుచున్నాడు. మేడవా డొక బొమ్మ చూపినపు డెల్ల క్రిందివా డేమి తెచ్చుటకు గుడిసెలోనికి పరుగెత్తెనో చూచుట లేదు. వానిని మేము తప్పుపట్టము. కన్నతల్లి పుస్తె తాకట్టు పెట్టి తెచ్చిన ఫీజును పుచ్చుకొని, చూచుట నేర్పక మునుపే చాటుకొనుట నేర్పినవారిదే ఆ దోషము.

తాత్పర్యము

సూత్రధారుడు కవిని, కావ్యమును పొగడి సభ్యుల నున్ముఖులను జేయుట ప్రరోచన. అది పూర్వులకును సమ్మతమే. ఐనను వారి ప్రరోచన ముగిసిన పిదప నాటక ముండెడిది. కావున నాయనా, ఎవడు, వానికేమి కావలెను, అడ్డమేమి, దొరకనిచో పోవునదేమి, తుదకేమాయెను అనువానిని చెప్పుము. 'హృదయాన్ని కదిలించే' అని మాత్రము వ్రాయకుము. కదలవలెనో వలదో మా హృదయము చూచుకొనును.