చెమట ప్రీపెయిడ్, బహుమతి పోస్ట్‌పెయిడ్

కెన్యాలో ఇటెన్ అనే ఊరు సముద్రమట్టానికి 2,400 మీటర్ల ఎత్తున ఉంది. పలచటి గాలిలో సాధన చేస్తే దమ్ము పెరుగుతుందని దేశదేశాల పరుగువీరులు అక్కడికి ఖర్చుపెట్టుకుని మరీ వెళ్తారు. సంగారెడ్డి జిల్లాలోని మా పారిశ్రామికవాడ పాశమైలారం పిల్లలకు ఆ ఖర్చు లేదు. ఊపిరి సరిగా ఆడని వసతిని ఫ్యాక్టరీలు గుమ్మం ముందుకే తెచ్చాయి. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో తీవ్ర కాలుష్య ప్రాంతాల లెక్క తీస్తే, మా పటాన్‌చెరు–బొల్లారం ప్రాంతం దర్జాగా ఆ జాబితాకెక్కింది. పిల్లలు కాలు కదపకముందే మాకు జాతీయ స్థాయి వచ్చేసింది!

ఇక్కడ పరుగు నేర్చే పిల్ల తెల్లారకముందే లేస్తుంది. నాయన నైట్ షిఫ్ట్ దిగి ఇంకా రాలేదు. అమ్మ జనరల్ షిఫ్ట్ కోసం టిఫిన్ డబ్బా సర్దుకుంటోంది. ట్రాక్ ఏదంటారా? ఇస్నాపూర్ చౌరస్తా నుంచి వచ్చే రోడ్డు పక్క మట్టి. పక్క లేన్‌లో కెమికల్ ట్యాంకర్. పోటీ గట్టిదే, కాకపోతే ట్యాంకర్‌కు ఫాల్స్ స్టార్ట్ రూలు వర్తించదు.

బడి టైంటేబుల్‌లో ఆటల పీరియడ్ ఉంటుంది. పదో తరగతి రాగానే లెక్కల సారు దాన్ని దత్తత తీసుకుంటారు. పరుగు పోటీల మీట్‌కు పేరివ్వాలంటే జనన ధ్రువపత్రం కావాలి. బిహార్, ఒడిశా నుంచి వచ్చిన కార్మికుల పిల్లలైతే వంద మీటర్లు పరుగెత్తడానికి వెయ్యి కిలోమీటర్లు పోయి కాగితం తేవాలి. ఇంజినీరింగ్‌లో స్పోర్ట్స్ కోటా ఉందిగా అంటారా? ఉంది, అర శాతం. అంటే రెండు వందల సీట్లకు ఒకటి. దానికీ ఎప్‌సెట్ రాయాల్సిందే.

ఇంత చేస్తే దక్కేదేమిటి? వెనక ‘సంగారెడ్డి’ అని రాసిన ట్రాక్‌సూట్. దాన్ని ఆ పిల్ల చుట్టాల పెళ్లికీ వేసుకెళ్తుంది. వద్దంటే అలుగుతుంది. ఆ మురిపెం ముందు అర శాతం ఏపాటి!

పతకం తెచ్చాక మాత్రం సర్కారు పిసినారి కాదు. కల్లెడ అనే ఊరి కూలీల బిడ్డ జీవాంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల కాంస్యం తెస్తే కోటి రూపాయలు, గ్రూప్–2 ఉద్యోగం, వరంగల్‌లో ఇంటి జాగా ప్రకటించారు. న్యాయమే, ఇంకా ఇచ్చినా తప్పులేదు. చాయ్ అమ్మే తండ్రి బిడ్డ అగసర నందిని 2023లో జరిగిన ఆసియా క్రీడల్లో హెప్టాథ్లాన్ కాంస్యం గెలిచాక చాయ్ బండి కథ పేపర్లన్నీ రాశాయి. ఆ బండి అంతకుముందూ అక్కడే ఉంది, కెమెరాలే ఆలస్యంగా వచ్చాయి. పిల్లలు చెమట ముందే కట్టాలి, మనం మాత్రం ఫలితం చూశాకే బిల్లు చెల్లిస్తాం.

ముందే చెల్లించే దారీ ఉంది. కంపెనీల చట్టం 2013 ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టాలి. గ్రామీణ క్రీడల శిక్షణ కూడా ఆ జాబితాలో ఉంది. కాబట్టి ఫ్యాక్టరీ యాజమాన్యాలకు మనవి: రేపు పతకం వస్తే గేటుకు కట్టే ఫ్లెక్సీ డబ్బులు ఈరోజే ఇచ్చేయండి. నాలుగు వందల మీటర్ల మట్టి ట్రాక్ వేసి, ట్యాంకర్ రాకుండా చుట్టూ కంచె కట్టించండి. పరుగు సంగతి పిల్లలు చూసుకుంటారు.