బర్రెకు జున్ను, బాలింతకు డబ్బా

ఊళ్లో ఎవరి బర్రె ఈనినా ఆ కబురు మనుషులకంటే ముందు గిన్నెలకు తెలుస్తుంది. జున్నుపాల కోసం అవి వరస కడతాయి. చిక్కగా, పసుప్పచ్చగా ఉన్న ఆ పాలలో బెల్లం, మిరియాల పొడి కలిపి ఆవిరి మీద ఉడికించి, ఒంటికి ఎంత బలమో అనుకుంటూ తింటాం. అదే చిక్కదనం, అదే రంగు బాలింత రొమ్ములో కనబడితే మాత్రం అవి చెడ్డపాలు, బిడ్డకు అరగవు, పిండి పారబోయమంటాం. దూడ కోసం వచ్చిన పాలు మనకు బలమట, బిడ్డ కోసం వచ్చిన పాలు బిడ్డకే చేటట! ఈ న్యాయంలో దూడా నష్టపోయింది, బిడ్డా నష్టపోయింది. బాగుపడింది మన నాలుక ఒక్కటే.

పారబోసేది ఏమిటో చూద్దాం. ముర్రుపాలలో రోగాలను అడ్డుకునే యాంటీబాడీలు, తెల్లరక్తకణాలు, విటమిన్ ఎ దండిగా ఉంటాయి. మొదటి రోజు అవి చెంచాల లెక్కనే వస్తాయి. అప్పుడే పుట్టిన పొట్టకు కావలసిందీ అంతే. ఘనా పల్లెల్లో దాదాపు 11 వేల మంది శిశువులను గమనించిన పరిశోధన ఒకటి 2006లో వెలువడింది. పుట్టిన గంటలోపే అందరికీ తల్లిపాలు పట్టి ఉంటే నెలలోపు శిశుమరణాల్లో 22 శాతం ఆగేవని దాని అంచనా. నీరసంగా పుట్టిన బిడ్డ రొమ్ము పట్టలేకపోయి ఉంటుంది, తప్పు ఆలస్యానిది కాదేమో అని అడగవచ్చు. మంచి ప్రశ్నే. జబ్బుతోనో లోపాలతోనో పుట్టినవారిని పక్కనబెట్టి మళ్లీ లెక్క కట్టినా ఫలితం అటే మొగ్గింది. ఆ విలువైన గంటలో మనం పోసేవి పంచదార నీళ్లు, ఆముదం, తేనె. ఏడాది నిండని పిల్లకు తేనె వల్ల బొట్యులిజం రావచ్చని, అది ప్రాణం మీదికి తేవచ్చని వైద్యులు హెచ్చరిస్తూనే ఉన్నారు. ఇంకాస్త శ్రద్ధ గలవారు వీధిలోకి తోలుకొచ్చిన గాడిద పాలు పట్టిస్తారు. గాడిద మీద ఉన్నపాటి నమ్మకం కన్నతల్లి మీద లేదన్నమాట.

ఇదంతా చదువులేని ముసలమ్మల మూఢత్వమని సరిపెట్టుకునేవారికి ఒక చిక్కుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం దేశంలో ఆసుపత్రి కాన్పులు 2015-16లో 78.9 శాతం, 2019-21 నాటికి 88.6 శాతం. గంటలోపు తల్లిపాలు అందిన పిల్లలు మాత్రం 41.6 నుంచి 41.8 శాతానికి ‘ఎగబాకారు’. అదే 2019-21లో తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆసుపత్రుల్లోనే. ఆ గంటలో పాలు దక్కినవారు నూటికి 40 కూడా దాటలేదు. మంత్రసాని పోయింది, ముసలమ్మ వార్డు బయటే ఆగింది, ఆ నమ్మకం మాత్రం చెప్పులు విప్పి లోపలికి నడిచింది. లోపల దాని పేరు ‘పాలు పడలేదు’. పాలు నిండుగా పడటానికి సాధారణంగా రెండు మూడు రోజులు పడుతుంది, అదీ బిడ్డ చీకుతుంటేనే. మనకంత ఓపికేదీ? మూడో గంటకే తీర్పు, వెంటనే డబ్బా పాలు. కడుపు నిండిన బిడ్డ చీకదు, చీకని రొమ్ముకు పాలు ఊరవు. చూశారా, ముందే చెప్పామంటారు! శిక్ష ముందు వేసి, నేరం తర్వాత చేయించే కోర్టిది.

సిజేరియన్ అయిన తల్లి ఎలా ఇస్తుందని మరో వాదన. వెన్నుకు మత్తిచ్చి చేసే ఆపరేషన్లో తల్లి మెలకువగానే ఉంటుంది. కావలసింది బిడ్డను పట్టుకునే ఒక నర్సు. కోత పెట్టడానికి ముగ్గురు దొరికిన చోట పాలు పట్టించడానికి ఒక్కరు దొరకకపోవడం తల్లి లోపం కాదు. మేమంతా పంచదార నీళ్లు తాగి పెరిగినవాళ్లమే అంటారు ఇంకొందరు. నిజమే, పెరగనివాళ్లు వచ్చి వాదించలేరు కదా. నిజంగానే పాలు చాలని తల్లులు, పాలివ్వకూడని జబ్బులు ఉన్నాయి. వారి కోసమే తల్లిపాల బ్యాంకులు, వైద్యుల సలహాతో వాడే డబ్బాలు. మినహాయింపును మందుచీటీలో రాయాలి గానీ వార్డు ఆనవాయితీగా మార్చకూడదు.

విచిత్రమేమిటంటే, ఈ గొడవలో నిజం చెబుతున్నది ఆ డబ్బాయే. 1992 నాటి చట్టం పుణ్యమా అని, బిడ్డకు తల్లిపాలే శ్రేష్ఠమని అది తన ఒంటి మీదే రాసుకు తిరుగుతోంది. మంచం చుట్టూ చేరినవాళ్లు మూత తీసేముందు ఆ ఒక్క వాక్యం చదివితే చాలు. బర్రె ఈనిన పూట గిన్నె పట్టుకుని పరుగెత్తే తొందరలో సగమైనా, బిడ్డను తల్లి గుండెకు చేర్చడంలో చూపితే అదే పదివేలు.