పికిన్ స్లే మాతపి ఆత్మకథ

మాతపి అనేది చేదు కర్రపెండలం తురుము నుంచి విషరసాన్ని పిండడానికి సన్నని బద్దలతో ఏటవాలుగా అల్లిన పొడవాటి గొట్టం. దక్షిణ అమెరికా ఉత్తర తీరాన సూరినామ్ దేశపు వర్షారణ్యంలో, సూరినామ్ నది ఎగువ గట్టున ఉన్న పికిన్ స్లే అనే సామాకా ప్రజల గ్రామంలో, ఒక వంటపాక దూలానికి వేలాడుతున్న అటువంటి మాతపి తన జీవితాన్ని తానే చెప్పుకొంటున్న వృత్తాంతం ఇది. ఈ మాతపి తనను గురించి చెప్పుకొనేటప్పుడు తన ముందుతరాల మాతపులను కూడా కలుపుకొనే మాట్లాడుతుంది. ఎందుకంటే ఒక గొట్టం కొన్నేళ్లకే బద్దలు తెగి మూలకు చేరినా, దానిని చూసి మరొకటి అల్లుతారు గనుక ఆ అల్లిక మాత్రం ఎక్కడా తెగలేదు.

ఈ మాతపి పుట్టుక నది పక్కన చిత్తడి నేలల్లో పెరిగే వారింబో అనే మొక్క కాడలలో ఉంది. వాటిని నిలువునా చీల్చి, లోపలి మెత్తని భాగాన్ని గీకి, మన మేదరులు వెదురు బద్దలను సిద్ధం చేసినట్లే సిద్ధం చేసి, గ్రామంలోని ఒక పురుషుడు దీనిని అల్లాడు. ఏటవాలు అల్లికలో ఉన్న కిటుకు ఏమిటంటే, గొట్టాన్ని పైనుంచి కిందికి నొక్కితే పొట్ట ఉబ్బి తురుముకు చోటిస్తుంది, రెండు కొనలూ పట్టి లాగితే సన్నబడి లోపలున్నదాన్ని అన్ని వైపుల నుంచీ ఒకేసారి బిగిస్తుంది. పై కొనను దూలానికి తగిలించి, కింది కొనలోని వలయంలో ఒక పొడవాటి కర్ర దూర్చి, ఆ కర్ర ఒక చివరను గుంజ కింద ఇరికించి, రెండో చివర మీద ఇంటి ఇల్లాలు కూర్చుంటుంది. ఆమె బరువుకు గొట్టం సాగుతున్నకొద్దీ తెల్లని రసం కింద పెట్టిన గిన్నెలోకి ధారకట్టి, క్రమంగా చుక్కలుగా మారి ఆగిపోతుంది.

గోదావరి జిల్లాల సగ్గుబియ్యం మిల్లులను ఎరిగిన తెలుగు పాఠకులకు కర్రపెండలం కొత్తది కాదు, ఆ మొక్క పుట్టినిల్లు దక్షిణ అమెరికాయే; అయితే ఈ గొట్టంలోకి వచ్చే చేదు రకం దుంపను పచ్చిగా తింటే ప్రాణం మీదికి వస్తుంది. దుంపలో లినమారిన్ అనే పదార్థం ఉంటుంది, తురిమినప్పుడు కణాలు చిట్లి ఒక ఎంజైమ్ దానితో కలిసేసరికి హైడ్రోజన్ సయనైడ్ విడుదల మొదలవుతుంది. ఆ విషంలో చాలా భాగం రసంతో పాటు కారిపోతుంది, మిగిలినది పెనం వేడికి ఆవిరైపోతుంది. పిండిన తురుమును జల్లించి, పెద్ద గుండ్రని ఇనుప పెనం మీద పరచి కాల్చిన రొట్టెను ఎండబెడితే అది నెలల తరబడి చెడదు, దూరప్రయాణాలలో తోడు వస్తుంది. రసాన్ని నిలవ ఉంచితే అడుగున పేరుకొనే తెల్లని పిండి కూడా వృథా పోదు.

ఈ విద్య సామాకాలు అడవిలోని ఆదివాసుల నుంచి నేర్చుకొన్నది. సామాకాలు ఆఫ్రికా నుంచి బానిసలుగా తేబడి, పదిహేడో శతాబ్దం చివరి నుంచి డచ్చివారి చెరకు తోటలను విడిచి అడవిలోకి పారిపోయి, వలస సైన్యాలతో దశాబ్దాల పాటు పోరాడి, 1762లో సంధి ద్వారా తమ స్వేచ్ఛను గుర్తింపజేసుకొన్నవారి సంతతి. సూరినామ్‌లో బానిసత్వం రద్దయినది 1863లో గనుక, వారి స్వేచ్ఛ చట్టం కంటే ఒక శతాబ్దం పెద్దది. పాన్జా అనే పూర్వీకురాలు తోట నుంచి పారిపోతూ వరి గింజలను జుట్టులో దాచి తెచ్చిందని వారి సంప్రదాయం చెబుతుంది, నేటికీ స్త్రీలు అడవి కొట్టి కాల్చిన పొలాల్లో మెట్టవరి పండిస్తారు. సంచుల కొద్దీ ధాన్యం మోసుకుపోగల స్థితిలో లేనివారికి, తలలో దాగిన గుప్పెడు గింజలు, చేతిలో దాగిన అల్లిక విద్య, ఇవే ఆస్తి.

పికిన్ స్లేకు చేరే దారి నదే. రోడ్డు అట్జోని రేవు దగ్గర ఆగిపోతుంది, అక్కడి నుంచి మోటారు బిగించిన పొడవాటి పడవలలో, రాళ్ల మధ్య సుడులు తిరిగే నీటిని తప్పించుకొంటూ ఎగువకు ప్రయాణించాలి. సామాకా గ్రామాల ప్రవేశమార్గాలకు అడ్డంగా చెడును ఆపుతుందని నమ్మే తాటిజాతి ఆకుల తోరణాన్ని కడతారు, దానిని ఆజాంపౌ అంటారు. లోపల చెక్క గోడల చిన్న ఇళ్లు, కొన్నింటికి ఆకు కప్పు, కొన్నింటికి రేకులు. వంశం తల్లి వైపు నుంచి సాగుతుంది. లో అనే తల్లివంశాలకే భూమి మీద హక్కు, ఒక్కొక్కరికి విడిగా పట్టా అనే ఊహ ఇక్కడ లేదు. పురుషులు పని కోసం రాజధాని పారమారిబోకో పొరుగున ఉన్న ఫ్రెంచ్ గయానాకో పోయి నెలలూ ఏళ్లూ రాకపోవచ్చు, పొలమూ పొయ్యీ స్త్రీల భుజాల మీదే నిలుస్తాయి, ఈ మాతపి కర్ర మీద పడే బరువు ఎక్కువగా వారిదే.

ముందుతరాల మాతపులు చూసిన అతి పెద్ద కష్టం 1964లో వచ్చింది. అల్యూమినియం కర్మాగారానికి విద్యుత్తు కోసం దిగువన అఫోబాకా వద్ద ఆనకట్ట తలుపులు మూసినప్పుడు సుమారు 1,500 చదరపు కిలోమీటర్ల జలాశయం పేరుకొని, దాదాపు 6,000 మంది సామాకాల ఊళ్లు, పొలాలు, సమాధులు నీటి కిందికి వెళ్లాయి. గోదావరి ముంపు మండలాల తెలుగువారికి ఈ మాట వివరించనక్కరలేదు. పికిన్ స్లే ఎగువన ఉండడం వల్ల మునగలేదు గాని, 2006 మే వరదల్లో నది ఎగువ గ్రామాల మీదికి రావడంతో నేలలోనే దుంపలు కుళ్లాయి. పిండడానికి తురుము లేక ఒక మాతపి ఎండిపోవడమంటే ఆ ఇంటి రొట్టె ఆగిపోవడమే.

అడవిలో కలప నరకడానికి ప్రభుత్వం బయటి సంస్థలకు అనుమతులిచ్చినప్పుడు, సామాకాలు 2000లో అమెరికా ఖండాల మానవ హక్కుల వ్యవస్థను ఆశ్రయించారు. 2007 నవంబరు 28న అంతర అమెరికా మానవ హక్కుల న్యాయస్థానం, వారు సంప్రదాయంగా వాడుకొంటున్న భూమి మీద వారికి సామూహిక హక్కు ఉందని, హద్దులు నిర్ణయించి పట్టా ఇవ్వాలని, పెద్ద ప్రాజెక్టులకు వారి సమ్మతి ముందే స్వేచ్ఛగా పొందాలని తీర్పు చెప్పింది. కొన్నేళ్లు సాగుచేసి అడవికి వదిలిన పొలం కూడా సాగులో ఉన్న పొలమేనని, తిరిగి గొడ్డలి పడే రోజు కోసం అది కోలుకొంటున్నదని ఆ ఊరి స్త్రీలకు తెలుసు. బయటివారి పటాలలో మాత్రం అది ఖాళీ అడవి. పడావు పడిన ఆ నేలను ఖాళీ అనడం పెద్ద అన్యాయమని, అక్కడి దుంపలనే తన పొట్టలో నింపుకొన్న ఈ మాతపి గట్టిగా నమ్ముతుంది. తీర్పు వచ్చాక కూడా హద్దుల నిర్ణయం ఏళ్ల తరబడి సాగుతూనే ఉండిపోయింది.

కోళ్లు కూయకముందే పెద్దలు తమ వారసులకు తొలికాలపు సంగతులు, అంటే పారిపోయిన రోజుల చరిత్ర, కొద్దికొద్దిగా చెప్పే ఆచారం సామాకాలలో ఉంది. రిచర్డ్ ప్రైస్ 1983లో ప్రచురించిన ఫస్ట్ టైమ్ అనే గ్రంథం ఆ జ్ఞానాన్ని గురించినదే, అయితే ఆ మాటలు ఎవరికి ఎంతవరకు చెప్పాలో నిర్ణయించేది పెద్దలే గనుక, చూరు కింద వేలాడుతూ విన్నదాన్ని ఈ మాతపి ఇక్కడ చెప్పదు.

ఇప్పుడు నడుము దగ్గర నాలుగు బద్దలు విరిగి, తురుము బయటికి పొక్కుతున్నది. పాక ముందు మేనమామ చూపిస్తుండగా మేనల్లుడు ఈ మాతపిని మోకాళ్ల మీద పరచుకొని, ఏ బద్ద దేని కిందుగా పోతున్నదో వేలితో లెక్కపెట్టుకొంటూ, పక్కన కొత్త కాడలను చీలుస్తున్నాడు.