మూడో జవాబు

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో మరబోట్లన్నీ జెట్టీకి ఒరుసుకుని నిలబడ్డాయి. వలలు బాగుచేసుకుంటున్న కలాసీల మధ్యకి ఇంజనీరింగ్ చదివే మా పేట కుర్రాడొకడు పాచికలూ నోటుబుక్కూ పట్టుకొచ్చాడు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో తెచ్చిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ బాటలో సొంతంగా ఓ ఆట అల్లాడు. అందులో కోటలూ రాక్షసులూ లేవు. సముద్రమే.

“అర్ధరాత్రి. ఒడ్డు కనబడదు. తూర్పు గాలి. ఇంజిను ఆగింది, వైర్‌లెస్ పలకదు. ఏం చేస్తారు?”

బోటు అలకి అడ్డం తిరక్కుండా వలకి తాడు కట్టి ముక్కువైపు దించుతానన్నాడొకడు. “కాదు.” డీజిల్లో తడిపిన గుడ్డలు కర్రకి చుట్టి వెలిగిస్తానన్నాడు ఇంకొకడు. “కాదు.” టార్పాలిన్ తెరచాపలా కడదాం, గాలి ఒడ్డుకేగా అన్నాడు మూడోవాడు. “కాదు” అని నోటుబుక్కులో గీత కొట్టాడు కుర్రాడు. పాచిక ఒక్కసారీ దొర్లలేదు.

నాకు మనసు చివుక్కుమంది. ఇలాంటి ఆటలో గాలి, దూరం, డీజిలు, చేతిలో ఉన్న సామాను ముందే ఖాయంగా ఉండాలి. దారి మాత్రం ఆడేవాళ్లదే. అది సముద్రం మీద నిలుస్తుందా లేదా అని తూచడం, ఎటూ తేలకపోతే పాచిక వేయించడం ఆట నడిపేవాడి పని. ఈ ఆటలకి పూర్వమైన యుద్ధక్రీడలో ప్రష్యా సేనాని వెర్డీ డు వెర్నా 1876లోనే పట్టికలు పక్కకి నెట్టి, అనుభవమున్న అధికారి తీర్పుకి చోటిచ్చాడు. జవాబు కూడా రాసిపెట్టుకుంటే, మిగిలేది రాసినవాడి మనసులో ఏముందో కనిపెట్టడమే. తూర్పు గాలని తనే చెప్పి, ఆ గాలిని వాడుకున్నవాణ్ణి తప్పనడం అన్యాయం.

అంతసేపూ మాట్లాడకుండా వల సరిచేస్తున్న ముసలి సరంగు తలెత్తాడు.

“మరి నువ్వు రాసుకున్న జవాబేటి బాబూ?”

“ఇంజిను గదిలో పెట్టె ఉంది పెదనాన్నా. అందులో స్పేరు పార్టు దొరుకుతుంది. అది బిగిస్తే ఇంజిను నడుస్తుంది.”

“ఆ పెట్టె మా బోటులోనూ ఉండీది. తెరిస్తే ఖాళీ.” సరంగు వల పక్కన పెట్టాడు. “టార్పాలిన్ కట్టుకునే ఒడ్డు సేరాం. కట్టింది మీ అయ్యే. నువ్వప్పటికి పుట్టనేదు.”